జిమ్‌లో నడుము పట్టేయకుండా ఉండాలంటే ముందు తుంటి వంచడం నేర్చుకోండి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైన మేరకు ఒకసారి చెప్పుకుంటాను. వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజుకు తొమ్మిది పది గంటలు కుర్చీలోనే. మూడు నెలల క్రితం జిమ్‌లో చేరి ఖాళీ బార్‌తో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను వంగి పట్టుకుని, నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) మొదలుపెట్టారు, ఇప్పుడు 80 కిలోలు ఎత్తుతున్నారు. స్క్వాట్ (భుజాల మీద బరువుతో గొంతుకూర్చుని లేవడం) గానీ డెడ్‌లిఫ్ట్ గానీ చేసిన మర్నాడు నడుము కింది భాగం పట్టేస్తోంది. రెండు మూడు రోజులకు సర్దుకుంటోంది, మళ్లీ చేస్తే మళ్లీ వస్తోంది. ట్రైనర్ బెల్టు కొనుక్కోమన్నారు. ఎంఆర్‌ఐలో నాలుగు, అయిదు వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు కొద్దిగా ఉబ్బిందని వచ్చింది. ఇంట్లోవాళ్లు జిమ్ మానేయమంటున్నారు. మానకుండానే నొప్పి రాకుండా చూసుకునే దారి ఉందా అని అడిగారు.

ఉంది. నేను ఫిజియోథెరపిస్టును, ఇరవై రెండేళ్లుగా నడుములే చూస్తున్నాను. మీలాంటివాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. వాళ్లలో చాలామందికి నేను జిమ్ మాన్పించలేదు. బరువు తగ్గించి, వంగే తీరు మార్చి మళ్లీ అక్కడికే పంపాను.

అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక. నొప్పి పిరుదు దాటి మోకాలి కిందికి పాకుతున్నా, పాదం ఎత్తడంలో పట్టు తగ్గినా, కూర్చుంటే నేలకు ఆనే చోట మొద్దుబారినా, మూత్రం మీద గానీ మలవిసర్జన మీద గానీ అదుపు తప్పినా ఇక్కడితో చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ మొద్దుబారడానికీ, అదుపు తప్పడానికీ రేపటి దాకా కూడా ఆగకూడదు, ఆ రాత్రే అత్యవసర విభాగానికి వెళ్లాలి. జ్వరంతోనో, కారణం తెలియకుండా బరువు తగ్గడంతోనో కలిసి వచ్చే నొప్పి, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి కూడా వ్యాయామంతో తేల్చుకోవలసినవి కావు. మీరు రాసినదాంట్లో ఇవేవీ కనిపించలేదు కాబట్టే మిగతాది రాస్తున్నాను.

ఇక ఆ ఎంఆర్‌ఐ సంగతి. నడుము నొప్పి లేనివాళ్ల స్కానింగులను పోగుచేసి 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో నూటికి 84 మందికి ఉంది. అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే ఇదీను. మీ నొప్పికి ఆ ఉబ్బే కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. రిపోర్టులో ఆ ఒక్క మాట చూసి ‘నా డిస్కు జారిపోయింది’ అని మంచం పట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను. కాగితం కన్నా ఏం చేస్తే వస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది అన్నదే నాకు ఎక్కువ చెబుతుంది. మీకు వంగి ఎత్తిన మర్నాడు వస్తోంది, నడిస్తే తగ్గుతోంది. ఈ రెండు ముక్కలు చాలు మొదలుపెట్టడానికి.

మా దగ్గరికి వచ్చినవాళ్లను నేను మొదట చేయమనే పని ఒకటే. నేల మీద పెన్ను పడేస్తాను, తీసివ్వమంటాను. నూటికి తొంభైమంది మోకాళ్లు బిగదీసి, నడుమును విల్లులా వంచి తీసిస్తారు. పెన్నుకు అది పరవాలేదు. అదే వంపుతో 80 కిలోలు ఎత్తితేనే పేచీ. మనం మామూలుగా ‘నడుము వంచడం’ అంటాం గానీ, శరీరంలో వంగడానికి అసలైన పెద్ద కీలు తుంటి. చుట్టూ పిరుదు కండరాలు, తొడ వెనుక కండరాలు ఉన్నాయి, ఒంట్లో బాగా బలమైనవాటిలో అవీ ఉన్నాయి. రోజుకు పది గంటలు కుర్చీలో ఉంటే ఆ తుంటి మడత పడే ఉంటుంది గానీ పనిచేయదు. దాని పనిని నడుము తన మీద వేసుకుంటుంది. నడుములో అయిదు పూసలు. వాటిలో కింది రెండు డిస్కుల దగ్గరే బరువూ వంపూ ఎక్కువగా పడతాయి, మీ రిపోర్టులో పేరు వచ్చింది కూడా అక్కడే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వెన్ను వంగకూడదని నేను అనడం లేదు. వంగడానికే అన్ని పూసలుగా ఉంది. వంచి ఎత్తడమే నడుము నొప్పికి కారణమని పరిశోధనలు కూడా తేల్చలేదు. ‘నడుము వంచావంటే అంతే’ అని భయపెట్టే ట్రైనర్లంటే నాకు కోపం, ఎందుకంటే ఆ భయంతో మనిషి కట్టెలా బిగుసుకుపోయి ఇంకా నొప్పి తెచ్చుకుంటాడు. అలవాటు లేని వంపు, అలవాటు లేని బరువు, అలసిపోయిన ఒళ్లు మూడూ ఒకే రోజు కలిసినప్పుడే తంటా. మీ విషయంలో మూడూ కలిశాయి.

కాబట్టి ముందు తుంటి వంచడం నేర్చుకోండి. ఇంట్లో నేల తుడిచే కర్ర ఒకటి ఉంటుంది కదా, గుడ్డ తీసేసి దాన్ని వెన్ను వెంబడి నిలువుగా పెట్టుకోండి. ఒక చెయ్యి మెడ వెనుక, ఇంకొకటి నడుము వెనుక పట్టుకోవాలి. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనుక, రెండు భుజాల మధ్య, పిరుదుల నడిమి ఎముక దగ్గర. నడుము దగ్గర మాత్రం అరచెయ్యి దూరేంత సందు ఉంటుంది, ఉండాలి. ఇప్పుడు గోడకు వీపు పెట్టి ఒక అడుగు ముందు నిలబడండి. మోకాళ్లు కొద్దిగా సడలించి, పిరుదులతో వెనుక గోడను తాకడానికి ప్రయత్నించండి. చేతుల్లో సరుకుల సంచులుంటే కారు తలుపును పిరుదులతో నెట్టి మూస్తాం చూశారూ, అదే కదలిక. ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది. కర్ర మూడు చోట్లా తగులుతూనే ఉండాలి. తల విడిపోతే మెడ వంచినట్టు, కింది ఎముక విడిపోతే నడుము గుండ్రమైనట్టు. సరిగ్గా చేస్తే తొడల వెనుక తీగ లాగినట్టు బిగుతు తెలుస్తుంది. ఆ బిగుతు నడుములో తెలిస్తే ఇంకా తుంటి వంగడం లేదన్నమాట. గోడ సులువుగా తగులుతుంటే ఇంకో రెండంగుళాలు ముందుకు జరగండి. పొద్దున పది, సాయంత్రం పది చొప్పున రెండు వారాలు. విసుగ్గానే ఉంటుంది. ఈ రెండు వారాలు డెడ్‌లిఫ్ట్ బార్ ముట్టుకోవద్దు. మీరు నన్ను తిట్టుకునే చోటు ఇదేనని తెలుసు.

బార్ దగ్గర చాలామంది గమనించని చిక్కు ఇంకొకటుంది. పోటీల్లో బార్‌కు తగిలించే పెద్ద పళ్లాల (గుండ్రటి బరువుల) వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి బార్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో, పిక్క మధ్యకు దగ్గరగా ఉంటుంది. మన వీధి జిమ్ములో 10 కిలోల ఇనుప పళ్లెం దానికన్నా బాగా చిన్నది. అది వేసి నేల మీద పెడితే బార్ చీలమండ దాకా దిగిపోతుంది. బరువు తక్కువ కాబట్టి సులువనుకుంటాం గానీ, నిజానికి 40 కిలోలకు 100 కిలోల కన్నా లోతుగా వంగాల్సి వస్తుంది. కొత్తవాళ్లకు ఎక్కువ దెబ్బ పడేది ఇక్కడే. రెండు పక్కలా దిమ్మలో, రెండేసి పెద్ద పళ్లాలో నేల మీద పడుకోబెట్టి వాటి మీద బార్ పెట్టుకోండి. బార్ మోకాలికి ఒక జానెడు కింద ఉండేలా మొదలుపెట్టి, కర్రతో నేర్చుకున్న ఆకారం చెడకుండా వారాలు గడిచేకొద్దీ కిందికి దించండి. అందరూ నేల నుంచే ఎత్తాలని ఏ నియమమూ లేదు. మీ తొడల పొడవును బట్టి మీకు ఆ లోతు ఎప్పటికీ పడకపోవచ్చు, పోటీకి వెళ్లనప్పుడు దాంతో నష్టమేమీ లేదు.

స్క్వాట్ విషయం ఇంతకన్నా సులువు, ఎందుకంటే గొంతుకూర్చోవడం మనకు పుట్టుకతో వచ్చిందే, కుర్చీలు వచ్చాక పోగొట్టుకున్నాం. పక్కనుంచి ఫోనులో వీడియో తీయించుకోండి. కిందికి దిగేటప్పుడు ఒకచోట కటి లోపలికి మడతపడి నడుము గుండ్రమవుతుంది. దానికి ఒక అంగుళం పైనే ఆగండి, బరువు ఉన్నంతసేపూ అదే మీ లోతు. పాదాలు కాస్త ఎడంగా, వేళ్లు కాస్త బయటికి పెడితే చాలామందికి ఇంకా కిందికి దిగే వీలు వస్తుంది. మడమలు లేస్తుంటే కింద చిన్న పళ్లాలు పెట్టుకోండి. బిగుతు చీలమండలో ఉంటే నడుమును సరిచేస్తూ కూర్చుని లాభం లేదు.

తరువాత ఊపిరి. మన భాషలో ‘నడుం బిగించడం’ అనే మాట ఊరికే పుట్టలేదు. బస్తాలు మోసే హమాలీ ఎత్తే ముందు తువ్వాలు నడుముకు గట్టిగా చుట్టుకుంటాడు. తువ్వాలు బరువు మోయదు. దానికి ఎదురుగా పొట్టను నొక్కినప్పుడు కడుపులో ఒత్తిడి పెరిగి వెన్నుకు ముందు నుంచి కూడా ఊతం దొరుకుతుంది. మీ ట్రైనర్ చెప్పిన బెల్టు చేసేదీ అదే. కానీ నొక్కడం తెలియనివాడికి బెల్టు అలంకారం. రెండు చేతుల బొటనవేళ్లు నడుము పక్కల, పక్కటెముకలకూ తుంటి ఎముకకూ మధ్య మెత్తని చోట గుచ్చినట్టు పెట్టుకోండి. ముక్కుతో ఊపిరి తీసి, ఎవరో పొట్టలో గుద్దబోతున్నారన్నట్టు బిగించండి. వేళ్లు బయటికి నెట్టుకు రావాలి. పొట్ట లోపలికి లాక్కోవడం కాదు, నలువైపులా గట్టిపడడం. ఆ బిగువుతో ఎత్తి, పైకి వచ్చాక ఊపిరి వదిలి, మళ్లీ తీసుకుని దించండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు, తేలిక బరువుతో ఎత్తుతూ వదలాలి. మీకు బీపీ ఉందో లేదో రాయలేదు, 34కి ఒకసారి చూపించుకోవడం ఎలాగూ మంచిదే.

బెల్టు పెట్టుకోవద్దని కాదు. కానీ నొప్పి రాకుండా ఆపుతుందని మాత్రం అనుకోకండి. 2016లో ‘జామా ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో 21 అధ్యయనాలను, 30 వేలమందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. నడుము పట్టీలు, బూట్లలో పెట్టే మెత్తలు నొప్పిని నివారించినట్టు కనిపించలేదు. వ్యాయామంతో పాటు దాన్ని ఎలా చేయాలో నేర్పితే మాత్రం మళ్లీ నొప్పి వచ్చే అవకాశం దాదాపు 45 శాతం తగ్గింది. జిమ్ మానేయమంటున్న మీ ఇంట్లోవాళ్లకు ఆ అంకె చూపించండి.

వీలైతే కరణం మల్లీశ్వరి వీడియో ఒకటి వెతికి చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తరువాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. చివర్లో చేతులెత్తి నిలబడ్డ దృశ్యమే అందరికీ గుర్తు. నేను మా దగ్గరికి వచ్చినవాళ్లకు దాని ముందుది చూపిస్తాను, బార్ ఇంకా నేల విడవని క్షణం. ఒలింపిక్ లిఫ్టర్లు ఎవరైనా ఆ క్షణంలో పిరుదులు దించి, వెన్ను పలకలా పెట్టి, ఛాతీ ఎత్తి, ఊపిరి నింపుకుని ఉంటారు. ఎత్తడంలో సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

మీరు పొద్దున ఆరింటికి జిమ్‌కు వెళ్తానన్నారు. అది కూడా ఒక కారణమని నా అనుమానం. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మన ఎత్తు సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. లేచిన మొదటి గంటలో అందులో పెద్ద భాగం దిగిపోతుంది. ఆ గంటలో డిస్కు గాలి ఎక్కువ కొట్టిన ట్యూబులా బిగిసి ఉంటుంది, బాగా వంగితే దాని మీద ఒత్తిడి ఎక్కువ. నా నడుము మొదటిసారి పట్టేసింది జిమ్‌లో కాదు, స్నానాల గదిలో. ఇరవై ఏడేళ్ల వయసులో, ముందురోజు సాయంత్రం లెక్క తప్పి స్క్వాట్లు చేసి, పొద్దున్నే సగం నిద్రలో నిండు బకెట్‌ను ఒంటిచేత్తో లాగాను. అక్కడే గోడ పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాను. ఫిజియోథెరపీ చదివి నాలుగేళ్లయింది అప్పటికి. మా అమ్మ వేడినీళ్ల సంచీ తెచ్చి ఇస్తూ ‘ఊరందరి నడుములూ బాగుచేస్తావు’ అన్నది ఇప్పటికీ గుర్తు.

కాబట్టి లేచిన గంటలోపు బరువులొద్దు. సాయంత్రానికి మార్చుకోలేకపోతే లేచాక అరగంట చురుగ్గా నడిచి, ఆ తరువాత తేలిక బరువులతో ఒళ్లు వేడెక్కించుకుని మొదలుపెట్టండి. సూర్యనమస్కారాలకూ ఇదే వర్తిస్తుంది. తెల్లవారుజామునే చేయాలన్న పట్టింపు ఉన్నవాళ్లు మొదటి నాలుగైదు ఆవృత్తులు మోకాళ్లు వంచి చేయండి, చేతులు నేలకు అందకపోయినా పరవాలేదు. పాదహస్తాసనంలో అరచేతులు నేలకు ఆనించాలన్న పంతంతో వచ్చిన నొప్పులు డెడ్‌లిఫ్ట్‌తో వచ్చినవాటికి ఏమీ తీసిపోవు. మీ అమ్మగారు కూడా మీతో యోగా మొదలుపెడతానంటున్నారని రాశారు. అరవై దాటినవారు కాబట్టి ముందు ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి. ఎముక గుల్లబారి ఉంటే నడుము గుండ్రంగా వంచే ఆసనాలు, సిటప్‌లు పూసను నలిపేసే ప్రమాదం ఉంది. వారికి నడక, కుర్చీ నుంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి చేసే దండీలు చాలు.

మీరు చేస్తున్న జాబితాలో రోజుకు వంద సిటప్‌లు కనిపించాయి. వాటిని తీసేయండి. నడుమును వందసార్లు ముడిచి విప్పితే పొట్ట కరగదు. అమెరికా సైన్యమే దశాబ్దాల పాటు పెట్టిన సిటప్ పరీక్షను తీసేసి ప్లాంక్ (మోచేతులూ కాలివేళ్ల మీద ఒంటిని పలకలా కదలకుండా నిలపడం) పెట్టుకుంది. వాటి స్థానంలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి వెన్ను మీద పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు చేయండి. మొదటిది వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, చేతులు నడుము కింద పెట్టి, తలా భుజాలూ మాత్రం నేల నుంచి ఒక అంగుళం లేపడం. రెండోది పక్కకు తిరిగి మోచేతి మీద ఒంటిని లేపి నిలపడం, మొదట్లో మోకాళ్లు నేలకు ఆనించే. మూడోది చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాచడం, తరువాత మార్చడం. ఈ మూడోదాంట్లో నడుము మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకకూడదు. ప్రతిదీ ఎనిమిది, పది సెకన్లు నిలిపి వదలండి. మొదటి విడత ఆరు సార్లు, తరువాత నాలుగు, తరువాత రెండు. మూడు నిమిషాలు ప్లాంక్‌లో ఒణికిపోతూ నిలబడడం గొప్పకు పనికొస్తుంది, నడుముకు కాదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందంటే, నా ఉద్దేశంలో, ఆ 80 కిలోల దగ్గర. 20 కిలోల ఖాళీ బార్ నుంచి మూడు నెలల్లో నాలుగింతలు. మొదటి వారాల్లో బలం అంత వేగంగా పెరగడం కండ పెరిగి కాదు, నరాలు కండరాన్ని వాడుకోవడం నేర్చుకుని. స్నాయువులు, డిస్కులు ఆ వేగంతో గట్టిపడవు. మీరు ఎత్తగలరు, మీ నడుము ఇంకా సిద్ధం కాలేదు. రెండు వారాల కర్ర సాధన తరువాత 40 కిలోలతో, దిమ్మల మీద నుంచి మొదలుపెట్టండి. అయిదేసి చొప్పున మూడు విడతలు, వారానికి రెండుసార్లు. వారానికి రెండున్నర కిలోలకు మించి పెంచవద్దు. నిద్ర సరిగా లేని వారం, ఆఫీసులో డెడ్‌లైన్ ఉన్న వారం అసలు పెంచవద్దు. పది గంటలు కూర్చుని లేచి నేరుగా బార్ దగ్గరికి వెళ్లడం కూడా మానండి. పది నిమిషాల నడక మధ్యలో పెట్టండి.

నొప్పి కొంచెం వచ్చినంత మాత్రాన ఆపనక్కర్లేదు. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేస్తే మూడు దాటకుండా, మర్నాటికి మామూలుకు వచ్చేస్తే కొనసాగించవచ్చు. అంతకు మించితే ముందువారం బరువుకు తిరిగి వెళ్లండి. పట్టేసిన రోజున మంచం మీద పడుకోకండి, నడవండి. 2024లో ‘లాన్సెట్’ పత్రికలో ఆస్ట్రేలియా వాళ్ల ప్రయోగం వచ్చింది. నడుము నొప్పి తగ్గిన 701 మందిలో సగం మందికి క్రమంగా పెంచే నడక నేర్పారు. వాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 208 రోజులు, నడక నేర్పనివాళ్లకు 112. బెల్టుకు పెట్టే డబ్బు మంచి చెప్పులకు పెట్టండి.

ఇంకా ఒకటి. ఇంట్లో మంచినీళ్ల క్యాను మార్చేది మీరేనా? నిండు క్యాను 20 కిలోలు, నీళ్లు కదులుతూ ఉంటాయి, పట్టుకోవడానికి మెడ తప్ప వేరే పట్టు లేదు. జిమ్‌లో అంత జాగ్రత్తగా ఎత్తి, ఇంటికి వచ్చి దాన్ని ఒక పక్కకు మెలితిరిగి డిస్పెన్సర్ మీద బోర్లించడం చూశాను, నా స్నేహితుల ఇళ్లలోనే. ముందు తొడల మీదికి, తరువాత ఛాతీకి ఆనించి, పాదాలతో తిరిగి పెట్టండి, నడుముతో కాదు.

మూడో వారం బార్ పట్టుకునే రోజున ఫోనును పక్కన, తుంటి ఎత్తులో నిలబెట్టి రికార్డు చేయండి. అయిదు ఎత్తులు తీసి, మొదటిదీ అయిదోదీ పక్కపక్కన ఆపి చూడండి. అయిదోదాంట్లో నడుము మొదటిదానికన్నా గుండ్రమైతే ఆ రోజుకు నాలుగే చేయండి. ఆ వీడియోలో ఏది తేడాగా కనిపించిందో రాస్తే, బరువు ఎంత ఉంచాలో అప్పుడు చెబుతాను.